ఐఎస్ఓ ఫైలు లోపల మార్పు చెయ్యాలంటే ఐదు దారులు: మీకు సరిపోయేది ఏది?

పోయిన దసరా సెలవుల్లో చిత్తూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడ ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. "అన్నా, ఉబుంటు ఐఎస్ఓని మౌంట్ చేసినాను. లోపల గ్రబ్ ఫైలు కనబడతా ఉంది. ఒక్క లైను మార్చి సేవ్ కొడితే రీడ్ ఓన్లీ అంటాది. సుడో పెట్టినా అదే మాట. ఏం చేసేది?" అన్నాడు. ఉబుంటు ఒక లినక్స్ సిస్టమ్. ఐఎస్ఓ అంటే ఇన్‌స్టాల్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచినది, మౌంట్ అంటే దాన్ని ఫోల్డర్ లాగా తెరవడం. గ్రబ్ అంటే కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు మెనూ చూపించే ప్రోగ్రామ్, సుడో అంటే అడ్మిన్ హక్కుతో ఆదేశం ఇవ్వడం.

నేను తిరుపతిలో ఇలాంటి ల్యాబే చూసుకుంటాను, 24 కంప్యూటర్లు. సిస్టమ్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి ప్రతి మెషీన్ దగ్గరా కూర్చుని భాష, కీబోర్డు, టైమ్ జోన్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అంటూ అవే ప్రశ్నలకు అవే జవాబులు కొట్టడం ఎంత విసుగో నాకు బాగా తెలుసు. అందుకే ఆ తమ్ముడికి ఫోన్‌లో చెప్పినదాన్ని ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఇందుకు ఐదు దారులున్నాయి. అన్నీ పనిచేసేవే, కానీ అన్నీ అందరికీ కాదు.

## ముందు: ఐఎస్ఓ ఎందుకు మార్చనివ్వదు

ఐఎస్ఓ 9660 అనే ఫైల్ సిస్టమ్ 1988లో సీడీల కోసం ప్రమాణమైంది. సీడీ మీద ఒకసారి రాస్తే అయిపోయింది, మళ్లీ మార్చేది లేదు. కాబట్టి దాన్ని అచ్చయిన పుస్తకం లాగా కట్టారు. లోపల స్థలం 2048 బైట్ల సెక్టర్లుగా ఉంటుంది. ప్రతి ఫైలూ ఏ సెక్టర్ దగ్గర మొదలవుతుంది, ఎన్ని బైట్లు ఉంటుంది అనే రెండు అంకెలు డైరెక్టరీలో ఉంటాయి. పుస్తకం ముందు విషయసూచికలో పేజీ నంబర్లు ఉన్నట్టే. మధ్యలో ఒక అధ్యాయం నాలుగు పేజీలు పెరిగితే తరవాతి పేజీ నంబర్లన్నీ తప్పుతాయి. ఖాళీ స్థలం ఎక్కడుందో చెప్పే లెక్క కూడా ఇందులో లేదు. అందుకే లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి మూలమైన ప్రోగ్రామ్) దాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తుంది. సుడో పెట్టినా, పర్మిషన్లు మార్చినా లాభం లేదు. అడ్డం పడుతున్నది పర్మిషన్ కాదు.

అంటే మనం "మార్చడం" అనేదంతా నిజానికి కొత్త పుస్తకం బైండు చెయ్యడమే. తేడా ఎక్కడంటే, ఆ బైండింగ్ ఎవరు చేస్తారు, ఎంత జాగ్రత్తగా చేస్తారు అన్న దగ్గర.

## ఎంచుకునే ముందు అడగాల్సినవి

మీ ఫైలు ఏ పొరలో ఉంది? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఐఎస్ఓని మౌంట్ చెయ్యగానే కనబడేవి పై పొర ఫైళ్లు: గ్రబ్ మెనూ, ఇన్‌స్టాలర్ సెట్టింగులు, ప్యాకేజీలు. లైవ్ డెస్క్‌టాప్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచేదానిలో) కనబడే ఫాంట్లు, ప్రోగ్రాములు, వాల్‌పేపర్ అక్కడ ఉండవు. అవి స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన ఫైలు లోపల ఉంటాయి. ఇది డబ్బాలో డబ్బా లాంటిది. మూడో చోటు ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే ఫైళ్ల మూట), ఈఎఫ్ఐ (కొత్త కంప్యూటర్ల బూట్ పద్ధతి, యూఈఎఫ్ఐ అన్నా ఇదే) కోసం పెట్టిన చిన్న ఫ్యాట్ ఇమేజ్. ఏ పొరో తెలియకుండా పని మొదలుపెడితే ఒక పూట వృథా.

ఏ రకం కంప్యూటర్లలో బూట్ కావాలి? పాత బూట్ పద్ధతి బయోస్ ఉన్న మెషీన్లా, కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లా, రెండూనా? డీవీడీ నుంచా, పెన్‌డ్రైవ్ నుంచా? ఒకే ఐఎస్ఓ ఇన్ని రకాలుగా బూట్ కావడానికి దాంట్లో కొన్ని ఏర్పాట్లు ఉంటాయి. ఎల్ టొరిటో అనేది 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి ఇచ్చిన పద్ధతి, సీడీ నుంచి బూట్ చెయ్యడానికి. ఐఎస్ఓ 9660 తన మొదటి 16 సెక్టర్లను, అంటే 32 కేబీని, వాడకుండా వదిలేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడానికి కావలసిన ఎంబీఆర్ అనే చిన్న బూట్ కోడ్ అక్కడ కూర్చుంటుంది. ఈఎఫ్ఐ కోసం విడిగా ఒక పార్టిషన్ ఉంటుంది. ఇవన్నీ ఫైళ్ల జాబితాలో కనబడవు. ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకుంటే ఇవి మీ వెంట రావు.

ఎన్నిసార్లు చెయ్యాలి? ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) రెండేళ్లకొకసారి వస్తుంది, మధ్యలో పాయింట్ రిలీజులు, అంటే అదే వెర్షన్‌కి సరిచేసిన ఐఎస్ఓలు. ఒక్కసారితో పోయే పనికీ, ప్రతి కొత్త ఐఎస్ఓకీ చెయ్యాల్సిన పనికీ ఒకే దారి సరిపోదు.

రూట్ హక్కు (అంటే అడ్మిన్ హక్కు) ఉందా, డిస్కులో ఖాళీ ఎంతుంది అన్నవి తరవాతి విషయాలు.

## ఒకచోట చూస్తే

| దారి | ఏ పొరకి | రూట్ హక్కు | బూట్ చెడే ప్రమాదం | ఎవరికి |
|---|---|---|---|---|
| ఐఎస్ఓని ముట్టుకోకుండా పని జరిపించడం | ఇన్‌స్టాలర్ జవాబులు, బూట్ మెనూ | ఐఎస్ఓ జోలికి పోనక్కర్లేదు | లేదు | ల్యాబులు, తొలిసారి చేసేవాళ్లు |
| ఎక్సోరిసోతో నేరుగా | పై పొర | అక్కర్లేదు | తక్కువ | చాలామందికి ఇదే |
| అంతా బయటికి తీసి మళ్లీ కట్టడం | పై పొర, పెద్ద మార్పులు | మౌంట్ చేస్తే కావాలి | ఎక్కువ | లోతుగా తెలిసినవాళ్లు |
| క్యూబిక్, లేదా చేత్తో స్క్వాష్‌ఎఫ్ఎస్ | లోపలి పొర | కావాలి | క్యూబిక్‌తో తక్కువ | ఫాంట్లు, ప్రోగ్రాములు కలపాలనుకునేవాళ్లు |
| అదే పొడవులో బైట్లు మార్చడం | పై పొరలో చిన్న అక్షరాలు | అక్కర్లేదు | చాలా తక్కువ | ఒకటి రెండు మాటలు మార్చాలనుకునేవాళ్లు |

## 1. ఐఎస్ఓని అసలు ముట్టుకోకపోవడం

నన్నడిగితే మొదట దీన్నే చూడమంటాను. చిత్తూరు తమ్ముడికి కావలసింది గ్రబ్ ఫైలు మార్చడం కాదు, ఇన్‌స్టాలర్ తన జవాబులు తనే తీసుకోవడం. ఆ రెండూ వేరు.

ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి, డెస్క్‌టాప్‌లో 23.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ ఉంది, అంటే జవాబులు ఫైలు నుంచి తీసుకుని తనే ఇన్‌స్టాల్ కావడం. ఇంకో చిన్న పెన్‌డ్రైవ్ తీసుకుని ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, దానికి సీఐడేటా అని ఇంగ్లిష్ పెద్దక్షరాలతో లేబుల్ పెట్టండి. అందులో యూజర్-డేటా, మెటా-డేటా అనే రెండు ఫైళ్లు ఉంటే చాలు, రెండోది ఖాళీగా ఉన్నా పర్వాలేదు. ఇన్‌స్టాలర్ ఆ లేబుల్ చూసి జవాబులు తీసుకుంటుంది. కెర్నల్ లైనులో (బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ కెర్నల్‌కి ఇచ్చే ఆప్షన్ల వరసలో) ఆటోఇన్‌స్టాల్ అనే మాట లేకపోతే, డిస్కు చెరపబోయే ముందు ఒక్కసారి ఆగి అడుగుతుంది. ల్యాబులో నాకు ఆ ఆగడమే మంచిదనిపిస్తుంది. పొరపాటున ఆఫీసు కంప్యూటర్‌కి పెట్టినా ఒక అవకాశం మిగులుతుంది. ఫెడోరాలోనూ ఇలాంటిదే ఉంది: ఓఈఎమ్‌డీఆర్‌వీ అనే లేబుల్ ఉన్న డ్రైవులో కేఎస్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు పెడితే అదే వెతుక్కుంటుంది.

ఇంకొకటి వెంటాయ్. పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓని మామూలు ఫైలు లాగా కాపీ చేస్తే అదే మెనూలో చూపించి బూట్ చేస్తుంది. దాంట్లో ఆటో ఇన్‌స్టాల్ ప్లగిన్ ఉంది. ఐఎస్ఓలోని బూట్ కాన్ఫిగ్ ఫైలు బదులు మీ ఫైలును చూపించే ప్లగిన్ కూడా ఉంది. ఐఎస్ఓ మాత్రం చెక్కుచెదరదు. కొత్త వెర్షన్ వస్తే ఐఎస్ఓ మార్చి, సెట్టింగ్ ఫైలులో పేరు సరిచేస్తే సరిపోతుంది.

వెంటాయ్ బలహీనత సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే ఏర్పాటు. అది ఆన్‌లో ఉన్న ప్రతి మెషీన్‌లో తొలిసారి వెంటాయ్ కీని ఒప్పించాలి. 24 కంప్యూటర్లుంటే 24 సార్లు. మా ల్యాబులో అదే తలనొప్పి అయింది. అందుకే సీఐడేటా పెన్‌డ్రైవ్ వైపు మళ్లాను.

ఒక్క మెషీన్‌లో ఒక్కసారి కెర్నల్ లైను మార్చాలంటే ఇదంతా కూడా వద్దు. గ్రబ్ మెనూలో ఇంగ్లిష్ 'e' అక్షరం నొక్కి, అక్కడే రాసి, ఎఫ్10 నొక్కండి.

## 2. ఎక్సోరిసో: నేను ఎక్కువగా వాడేది

ఐఎస్ఓనే మార్చక తప్పదంటే, అదీ పై పొర ఫైలైతే, ఇంతకంటే మంచి పనిముట్టు నాకు తెలియదు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా అన్నిట్లో ప్యాకేజీగా దొరుకుతుంది. మౌంట్ చెయ్యదు, రూట్ అడగదు. పాత ఐఎస్ఓని చదివి, మీరు చెప్పిన ఫైలు మాత్రం మార్చి, కొత్త ఐఎస్ఓ రాస్తుంది.

దానికి చెప్పాల్సింది నాలుగు మాటలు. ఇన్‌డెవ్ తరవాత పాత ఐఎస్ఓ పేరు. ఔట్‌డెవ్ తరవాత కొత్త పేరు, ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉండకూడదు. మ్యాప్ తరవాత మీ దగ్గరున్న ఫైలు, ఐఎస్ఓలో అది కూర్చోవాల్సిన చోటు. చివరగా బూట్ ఇమేజ్ ఎనీ రీప్లే. ప్రాణం ఈ చివరి మాటలోనే ఉంది. పాత ఐఎస్ఓలో ఎల్ టొరిటో, ఎంబీఆర్, ఈఎఫ్ఐ పార్టిషన్ ఎలా ఉన్నాయో చదివి, కొత్తదానిలో అలాగే పెట్టమని దానర్థం. ఇది మరిచిపోతే కొత్త ఐఎస్ఓలో ఫైళ్లన్నీ ఉంటాయి కానీ అది బూట్ అవుతుందన్న భరోసా ఉండదు.

ఉబుంటు కొత్త వెర్షన్లలో ఐఎస్ఓ పై పొరలోనే ఆటోఇన్‌స్టాల్ డాట్ యామ్ల్ పెడితే ఇన్‌స్టాలర్ చదువుకుంటుంది. అంటే ఒక్క ఫైలు మ్యాప్ చేస్తే పనైపోయింది. అలా కాకుండా గ్రబ్ ఫైలులో డీఎస్ ఈక్వల్ టు నోక్లౌడ్ అని (జవాబుల ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే ఆప్షన్) రాసే దారిలో వెళ్తే ఒక గుంట ఉంది: ఆ మాట తరవాత సెమీకోలన్ వస్తుంది. గ్రబ్ దృష్టిలో సెమీకోలన్ అంటే ఆదేశం ముగిసినట్టు. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేదా మొత్తాన్ని కొటేషన్లలో ఉంచాలి. లేకపోతే తరవాత రాసినదంతా కెర్నల్‌కి చేరదు. ఎర్రర్ కూడా సరిగా కనబడదు, ఇన్‌స్టాలర్ మామూలుగా ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటుంది. దీనికి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఇంకో విషయం. ఉబుంటు ఐఎస్ఓలో ఎండీ5సమ్ డాట్ టెక్స్ట్ అనే ఫైలు ఉంటుంది, అందులో ఒక్కో ఫైలుని సరిచూసుకునే గుర్తు ఒక్కో లైనుగా ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు దాని ప్రకారం ఫైళ్లు సరిచూస్తుంది. మీరు మార్చిన ఫైలు లైనును అందులో సరిచెయ్యకపోతే తప్పు ఉందని చూపిస్తుంది. ఇన్‌స్టాల్ ఆగదు, కానీ చూసినవాళ్లకి టెన్షన్. ఆ లైను కూడా మార్చి రెండు ఫైళ్లూ కలిపి మ్యాప్ చెయ్యండి.

గ్రబ్ ఫైలు మారిస్తే సెక్యూర్ బూట్ చెడుతుందేమోనని చాలామంది భయపడతారు. ఉబుంటులో సంతకం ఉండేది షిమ్‌కి (గ్రబ్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్), గ్రబ్ ప్రోగ్రాముకి, కెర్నల్‌కి. కాన్ఫిగ్ ఫైలుకి కాదు. భయం అక్కర్లేదు.

దీని లోటు ఒకటే. అంతా టెర్మినల్‌లోనే చెయ్యాలి, ఆప్షన్ల పేర్లు తొలిసారి చూసినవాళ్లకి కొరుకుడుపడవు. ఒకసారి స్క్రిప్టుగా రాసిపెట్టుకుంటే మళ్లీ ఆలోచించనక్కర్లేదు.

## 3. అంతా బయటికి తీసి మళ్లీ కట్టడం

వెతికితే ఎక్కువగా దొరికే పద్ధతి ఇదే. మౌంట్ చెయ్యి, అన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి, మార్చు, ఐఎస్ఓ తయారుచేసే జెనైసోఇమేజ్ అనే ప్రోగ్రాముతో కట్టు. నేను బాగా దెబ్బతిన్నదీ ఇక్కడే.

అప్పట్లో ఒక పాత రెసిపీ చూసి ఐసోలినక్స్ (గ్రబ్ లాంటి పాత బూట్ ప్రోగ్రామ్) ఆప్షన్లతో ఐఎస్ఓ కట్టాను. నా దగ్గరున్న పాత మెషీన్‌లో చక్కగా బూట్ అయింది. సోమవారం పొద్దున పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి పిల్లలు వచ్చేలోపు అయిపోవాలని ఆదివారం ల్యాబుకి వెళ్లాను. కొత్తగా వచ్చిన 10 మెషీన్లు అసలు ఆ పెన్‌డ్రైవ్‌నే చూడలేదు. అవి యూఈఎఫ్ఐ మెషీన్లు, నేను కట్టిన ఐఎస్ఓలో బయోస్ బూట్ ఒక్కటే ఉంది. ఉబుంటు 20.10 నుంచి ఐసోలినక్స్‌ని వదిలేసి బయోస్‌కి కూడా గ్రబ్‌నే వాడుతోంది కాబట్టి ఆ పాత రెసిపీలు కొత్త ఐఎస్ఓలకి అసలు కుదరవు.

ఫైళ్లు చాలా మార్చాలన్నప్పుడు, ఫోల్డర్లు తీసెయ్యాలన్నప్పుడు ఈ దారి కావాల్సిందే. అప్పుడు ఆప్షన్లు ఊహించకండి. ఎక్సోరిసోలో రిపోర్ట్ ఎల్ టొరిటో అనే ఆదేశానికి యాజ్ మేక్‌ఐఎస్ఓఎఫ్ఎస్ అని ఇస్తే, అసలు ఐఎస్ఓ ఏ ఆప్షన్లతో కడితే అలా వస్తుందో వరసగా రాసి చూపిస్తుంది. దాన్నే వాడండి.

గుర్తుపెట్టుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. కాపీ అయిన ఫైళ్లు కూడా రీడ్ ఓన్లీగానే వస్తాయి, రాసే హక్కు మీరే ఇవ్వాలి. వాల్యూమ్ లేబుల్ అక్షరం కూడా తేడా రాకూడదు. ఫెడోరా లాంటి ఐఎస్ఓలు బూట్ అయ్యేటప్పుడు తమ డిస్కును లేబుల్‌తోనే వెతుక్కోవడం చాలాసార్లు చూస్తాం. లేబుల్ మారితే మెనూ వస్తుంది, కెర్నల్ లోడవుతుంది, అక్కడ ఆగిపోతుంది. డిస్కులో చోటు తక్కువగా ఉంటే కాపీ బదులు ఓవర్‌లే మౌంట్ చెయ్యండి. కింద ఐఎస్ఓ, పైన మీ మార్పుల ఫోల్డర్, రెండూ కలిసి ఒకటిగా కనబడతాయి. నాలుగైదు జీబీ మిగులుతుంది.

## 4. లోపలి పొర: క్యూబిక్, లేదా చేత్తో

తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, ఐబస్ కీబోర్డు, డీటీపీ వాడేవాళ్లకి పోతన, వేమన ఫాంట్లు మొదటి నుంచే ఉండాలి, నెట్ లేకపోయినా పనిచెయ్యాలి అంటే స్క్వాష్‌ఎఫ్ఎస్ తెరవాల్సిందే.

చేత్తో చెయ్యడం ఇలా ఉంటుంది. అన్‌స్క్వాష్‌ఎఫ్ఎస్‌తో విప్పాలి, క్రూట్‌తో (ఒక ఫోల్డర్‌నే సిస్టమ్ మొత్తంగా చూపించే ఆదేశం) లోపలికి వెళ్లాలి, ఆప్ట్‌తో ప్యాకేజీలు వెయ్యాలి, మేక్‌స్క్వాష్‌ఎఫ్ఎస్‌తో మళ్లీ కుదించాలి, చివరికి పైన చెప్పిన ఎక్సోరిసోతో ఐఎస్ఓలో పెట్టాలి. విప్పేటప్పుడు సుడో తప్పనిసరి. మామూలు యూజర్‌గా విప్పితే ఫైళ్లన్నీ మీ పేరు మీదకి వచ్చేస్తాయి. అలా కట్టిన సిస్టమ్‌లో సుడోనే పనిచెయ్యదు.

ఒక ప్రమాదం గట్టిగా చెప్పాలి. క్రూట్‌లో పని జరగడానికి మీ మెషీన్‌లోని డెవ్, ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్లను లోపలికి బైండ్ మౌంట్ చేస్తాం, అంటే అవే ఫోల్డర్లు అక్కడ కూడా కనబడేలా కలుపుతాం. పని అయ్యాక వాటిని అన్‌మౌంట్ చెయ్యకుండా ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఆర్ఎమ్‌తో తీసేస్తే, మీ సొంత సిస్టమ్‌లోని డెవ్ కూడా దాంతో పోతుంది. తీసే ముందు మౌంట్ జాబితా ఒకసారి చూడండి.

కొత్త ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓలలో స్క్వాష్‌ఎఫ్ఎస్ ఒకటి కాదు, పొరలుగా కొన్ని ఉంటాయి. ఏ పొరలో ఏది పెట్టాలన్నది చేత్తో చేసేవాళ్లకి తలకి మించిన పని అవుతుంది. అందుకే నా సలహా క్యూబిక్. ఉబుంటు, డెబియన్ కుటుంబం ఐఎస్ఓలకి పనిచేసే గ్రాఫికల్ ప్రోగ్రామ్ అది. ఐఎస్ఓ చూపిస్తే విప్పి, క్రూట్ టెర్మినల్ ఇస్తుంది. మీరు ప్యాకేజీలు వేసి నెక్స్ట్ కొడితే మిగతాది అదే చూసుకుంటుంది. ప్రాజెక్టు ఫోల్డర్ ఉంచుకుంటే తరవాత అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆ ఫోల్డర్ ఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫైల్ సిస్టమ్ మీదే ఉండాలి, పెన్‌డ్రైవ్ ఫ్యాట్ మీద కాదు.

అయినా ఒక్కమాట. నెట్ ఉన్న ల్యాబుకి ఇంత దూరం రానక్కర్లేదు. ఆటోఇన్‌స్టాల్ ఫైలులోనే ప్యాకేజీల జాబితా రాయవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ఫాంట్లు దిగిపోతాయి.

## 5. అదే పొడవులో మార్చడం

ఇది చిన్న ఉపాయం, కానీ ముచ్చటైనది. పై పొర ఫైళ్లు ఐఎస్ఓలో కుదించకుండా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కాబట్టి పొడవు మారకపోతే పేజీ నంబర్లు మారవు. గ్రబ్ మెనూ 30 సెకన్లు ఆగుతుంటే టైమవుట్ 30ని 10 చెయ్యండి. పాత గ్రాఫిక్ కార్డు వల్ల తెర నల్లగా ఉండిపోతుంటే, 'క్వయట్ స్ప్లాష్' అనే చోట 'నోమోడ్‌సెట్' రాసి వెనక మూడు ఖాళీలు పెట్టండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటిది ఖాళీతో కలిపి 12 అక్షరాలు, రెండోది 9. ఐఎస్ఓ కాపీ మీద సెడ్ అనే ఆదేశంతో (వెతికి మార్చేది) చెయ్యవచ్చు. ఒక్క అక్షరం తేడా వచ్చినా తరవాతి ఫైళ్లన్నీ జరిగిపోతాయి కాబట్టి ముందు, తరవాత ఐఎస్ఓ సైజు బైట్లలో సరిపోల్చండి. ఎండీ5 తేడా మాత్రం దీనిలోనూ వస్తుంది.

ఐఎస్ఓ మాస్టర్ లాంటి పాత గ్రాఫికల్ ఎడిటర్ల గురించి కూడా అడుగుతారు. ఫైళ్లు లాగి పడేసే సౌకర్యం బాగుంటుంది కానీ, నేటి ఐఎస్ఓలలోని ఈఎఫ్ఐ, పెన్‌డ్రైవ్ బూట్ భాగాలు వాటి చేతిలో నిలుస్తాయని నేను నమ్మను. బూట్ అవసరం లేని డేటా డిస్కులకి వాడుకోవచ్చు.

## ఎవరికి ఏది

ల్యాబ్ చూసుకునేవాళ్లు సీఐడేటా పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టండి. రెండు పెన్‌డ్రైవులు మోయడం కష్టమనిపిస్తే ఎక్సోరిసోతో ఆటోఇన్‌స్టాల్ ఫైలును ఐఎస్ఓలోనే పెట్టండి. రిపేరు షాపు వాళ్లకి రకరకాల ఐఎస్ఓలు కావాలి, రోజూ వేరే మెషీన్ వస్తుంది కాబట్టి వెంటాయ్ బాగుంటుంది. పల్లెల్లో నెట్ అందని స్కూళ్లకి తెలుగు సిస్టమ్ ఇవ్వాలనుకునేవాళ్లకి క్యూబికే నా సలహా, దానికి పెట్టే సమయం వృథా కాదు. ఇంజినీరింగ్ పిల్లలు మాత్రం ఒక్కసారైనా మూడో దారిలో నడవండి, బూట్ అంటే ఏమిటో అక్కడే అర్థమవుతుంది.

ఏ దారిలో చేసినా పెన్‌డ్రైవ్‌కి రాసే ముందు క్యూఈఎమ్‌యూ అనే వర్చువల్ మెషీన్‌లో మూడుసార్లు బూట్ చేసి చూడండి: మామూలుగా సీడీ లాగా ఒకసారి, ఓవీఎమ్ఎఫ్ (దానికి యూఈఎఫ్ఐని ఇచ్చే ఫైలు) పెట్టి యూఈఎఫ్ఐలో ఒకసారి, ఐఎస్ఓనే హార్డ్‌డిస్కు లాగా చూపించి ఒకసారి. ఆ ఆదివారం ఈ రెండో పరీక్ష చేసి ఉంటే ఆ 10 మెషీన్ల సంగతి నాకు ముందే తెలిసేది. అసలు ఐఎస్ఓ పేరును కొత్తదానికి పెట్టకండి, తేదీ కలిపి వేరే పేరు ఇవ్వండి. మార్పులు చేసిన ఆదేశాలు దాని పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో ఉంచండి. చిత్తూరు తమ్ముడు అలాగే రాసిపెట్టుకున్నాడు. ఈమధ్య కొత్త పాయింట్ రిలీజ్ వచ్చినప్పుడు ఫోన్ చెయ్యకుండానే పని ముగించాడు.